ద్వీప-9 విత్తనం

గవ్వలలంకలో పొద్దున లేవగానే జనం కరకట్ట వైపు చూస్తారు. అక్కడ నిలబెట్టిన పలక మీద ఆ రోజు నేలలోని ఉప్పు అంకె వెలుగుతుంటుంది. మూడు దాటితే మామూలు వరి వాడిపోతుంది. ఎనిమిది దాటితే గడ్డి కూడా సరిగా మొలవదు. సముద్రపు నీటి అంకె యాభై. 2071 నాటికి సముద్రం మోకాలెత్తు పెరిగి ఆ లంకను మూడు వైపులా కమ్ముకుంది. అయినా ఊరు ఖాళీ కాలేదు. పలక మీద పదకొండు వెలుగుతున్న ఆ ఉదయం కూడా నాలుగు వందల ఎకరాల్లో వరి పచ్చగా ఊగుతూనే ఉంది.

ఆ వరి పేరు ద్వీప-9. దాన్ని పుట్టించిన డాక్టర్ సైకం చార్విక ఆ ఊరి పరిశోధన కేంద్రంలోనే ఆరేళ్లుగా ఉంటోంది. ఉప్పులోని సోడియం వేళ్ల గుండా ఎక్కి ఆకుల్లో పేరుకుంటే మొక్క మాడిపోతుంది. చార్విక దానికి రెండు అడ్డుకట్టలు వేసింది. పైకి పోయే రసంలోంచి సోడియాన్ని మధ్యలోనే పట్టి వెనక్కి లాగే రవాణా ప్రొటీన్‌ను వేళ్లలో బలపరిచింది. దాన్ని తప్పించుకుని ఆకు దాకా చేరినదాన్ని, ప్రతి కణంలోనూ ఉండే రిక్తిక అనే నీటి సంచిలోకి తోసి మూసేసే మరో ప్రొటీన్‌ను చేర్చింది. ఈ రెంటినీ నడిపే జన్యువులకు ఒక మీట పెట్టింది. ఉప్పు తగిలితే మీట పడి, ద్వారాల్లాంటి ఆ రెండు ప్రొటీన్లూ పనిచేస్తాయి. ఆ మీటకు ద్వారపాలిక అని పేరు పెట్టుకుంది.

ఆ ఏడు తుఫాను రాలేదు. సముద్రపు నీటిని ఆపడానికి కరకట్టకున్న స్లూయిస్ గేటు ఒక్క రోజు కూడా తెరవలేదు. అయినా ఏడాదిలో పలక మీది అంకె ఏడు నుంచి పదకొండుకు ఎక్కింది. అది చూసినప్పటి నుంచి చార్విక ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతోంది. తన వరి వేళ్లు వెనక్కి లాగిన సోడియం నేలలోకే కదా పోయేది? ఒకవేళ నేలను చవుడు చేస్తున్నది తన మొక్కే అయితే? ఆ మాట ఎవరితోనూ అనలేక వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగేది. టీ చల్లారిపోయేది, మళ్లీ పెట్టించుకునేది, అదీ చల్లారిపోయేది.

అలాంటి రోజున మౌనికమ్మ వచ్చింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. ఊరి పక్కనున్న ఇసుక దిబ్బ అంచున ఆమెకు ఎకరన్నర ఉంది. దిబ్బ కింద మంచినీటి ఊట ఉండటం వల్ల అక్కడ పాత రకం వరి ఇంకా పండుతోంది. ఊరంతా తాగేది కూడా ఆ దిబ్బ మీది ఊటబావుల నీళ్లే. ఆమె కొంగులోంచి నాలుగు వరి దుబ్బులు తీసి బల్ల మీద పెట్టింది. ఆకుల కొనలు ఎర్రగా మాడి ఉన్నాయి. తర్వాత ఒక సీసా తీసి చార్విక చేతికిచ్చింది.

"మా బావి నీళ్లు. తాగి చూడమ్మాయ్."

చార్విక గుక్కెడు తాగింది. నాలుకకు ఉప్పు తగిలింది.

"నీ వరి వచ్చాకే ఇట్టా అయింది. నీ మీద కోపంతో చెప్పట్లేదు. తెలుసుకుంటావని చెప్తన్నా" అంది మౌనికమ్మ.

ఆ తర్వాత ఆరు రోజులు చార్విక, ఆమెతో పనిచేసే నీటి శాస్త్రవేత్త హనోకు మడి మడికీ తిరిగారు. హనోకు ఆ లంకలోనే పుట్టి పెరిగినవాడు, ఏ పాయలో ఎప్పుడు పోటు వస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. వేళ్ల చుట్టూ మట్టి తీశారు, ఆకుల రసం పిండి కొలిచారు, నీటి లెక్క కట్టారు. మొక్క వెనక్కి తోస్తున్నది నేలలో అప్పటికే ఉన్న సోడియమే. అది కొత్తగా ఉప్పును పుట్టించడం లేదు. చార్విక ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. తప్పు తనది కాదని తేలినా గుండె తేలిక పడలేదు. మరి ఉప్పు ఎక్కడి నుంచి వస్తోంది?

నేలలో పాతిన వెయ్యి కొలతల కడ్డీలనూ, కేంద్రం తలుపుల తాళాలనూ చూసుకునే మాట్లాడే యంత్రాన్ని వాళ్లు నేలనాడి అనేవాళ్లు. చార్విక దాన్నే అడిగింది.

"పౌర్ణమికీ, అమావాస్యకీ అంకె పెరుగుతోంది" అంది నేలనాడి. "ప్రతిసారీ పద్నాలుగో మడి దగ్గర మొదలై దిబ్బ వైపు పాకుతోంది."

"గేటు తెరిచారా?"

"గేటు మూసే ఉంది. నాకు గేటు ఒక్కటే తెలుసు."

రెండు రోజుల్లో పౌర్ణమి. ఆ రోజు మధ్యాహ్నం పోటు వేళకు చార్విక ఒక్కతే కరకట్ట వెంబడి నడిచి వెళ్లింది. పద్నాలుగో మడి దగ్గర ఇరవై మంది రైతులు ఉన్నారు. ఎవరూ దాక్కోలేదు. కట్ట అడుగున లావుపాటి గొట్టాలు వేసి ఉన్నాయి. వాటి మూతలు తీసి ఉండటంతో ఉప్పునీళ్లు నురగలు కక్కుతూ మడిలోకి దూకుతున్నాయి. దగ్గరుండి తీయిస్తున్నది మణికంఠ. ఊళ్లో పెద్దరైతు. ఎవరూ నమ్మని రోజుల్లో ద్వీప-9 వేయడానికి తొలిసారి భూమి ఇచ్చిన మనిషి ఆయనే.

ఆయన కంగారు పడలేదు. నీడలోకి పిలిచి కూర్చోమన్నాడు. తలపాగాతో మొహం తుడుచుకుంటూ నిదానంగా చెప్పాడు. ఉప్పునీళ్లు పెడితే ఊద, తుంగ రెండూ చచ్చిపోతాయి. కలుపు తీసే పని ఉండదు. పురుగూ తక్కువ. వరి మాత్రం నిలబడుతుంది.

"ఉప్పుకి తట్టుకుంటదని మీరే గదమ్మా చెప్పింది. తట్టుకునేదాన్ని ఊరికే పెట్టుకుంటామా?"

మౌనికమ్మ చేను సంగతి అడిగితే ఆమె కూడా ఈ విత్తనమే వేసుకోవచ్చు గదా అన్నాడు. బావుల సంగతి అడిగితే నీళ్ల పడవ వస్తుందన్నాడు. ఆ మాటల్లో దుర్మార్గం లేదు. అదే చార్వికకు ఊపిరాడనివ్వలేదు. ఉప్పు నుంచి కాపాడటానికి తను వరిని తయారుచేస్తే, ఆ వరి ఉందన్న ధైర్యంతో వీళ్లు ఉప్పునే పిలుచుకొస్తున్నారు.

ఊరివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడింది. గొట్టాలు మూస్తామన్నారు, మూశారు. రెండు పౌర్ణములు గడిచాక మళ్లీ తెరిచారు. బావుల్లో నీళ్లు నోట పెట్టుకోలేనంతగా మారాయి. మళ్లీ మాట్లాడింది, మళ్లీ మూశారు, మళ్లీ తెరిచారు. ఇక మాటలతో లాభం లేదని, మొక్కనే మార్చాలని ఆమె తీర్మానించుకుంది. రెండేళ్లు పట్టింది. ద్వీప-10లో ద్వారపాలికకు ఒక హద్దు పెట్టింది. అంకె ఏడు వరకూ ద్వారాలు మునుపటిలాగే పనిచేస్తాయి. ఏడు దాటితే మీట తనంతట తానే ఆగిపోతుంది, మొక్క మూడు రోజుల్లో మాడిపోతుంది. ధైర్యం తగ్గించిన వరి అని హనోకు దాన్ని ఆటపట్టించేవాడు.

ఆమె ఏదీ దాచలేదు. గొట్టాలు మూసి ఉంటే వానలకు నేల బాగుపడుతుంది, ఈ వరి పండుతుంది, గొట్టం తెరిస్తే మాత్రం అందరి చేనూ పోతుంది అని ఊరివాళ్ల ముందు చెప్పింది. ద్వీప-9 సంకర విత్తనం, పండిన గింజ మళ్లీ విత్తుకు పనికిరాదు, ఏటా కేంద్రమే ఇచ్చేది. ఇకపై దాన్ని ఇవ్వబోమనీ, ఉన్న విత్తనమంతా మొలకెత్తకుండా ఉడకబెట్టించేశామనీ చెప్పింది. జనం కాసేపు గొణుక్కున్నారు గానీ కొత్త విత్తనం తీసుకెళ్లారు. చేను చవుడెక్కిపోయిన మౌనికమ్మ కూడా అదే వేసింది. గొట్టాలకు రైతులే సిమెంటు కొట్టారు. తొలకరి వానలకు ఉప్పు కడుక్కుపోయి అంకె ఏడుకు దిగాకే నాట్లు వేశారు. వానాకాలపు సార్వా పంట చేతికొచ్చేసరికి పలక ఆరు చూపించింది. వానలకు దిబ్బ కింది ఊట మళ్లీ తేరుకుంది. చాలా రోజుల తర్వాత ఆ వారం చార్విక కడుపునిండా తిని నిద్రపోయింది.

మరుసటి ఏడు నారు పోసే ముందు మణికంఠ కేంద్రానికి వచ్చాడు. గొంతు తగ్గించి, ద్వీప-9 ఒక్క బస్తా ఎక్కడైనా మిగిలిందేమో చూడమన్నాడు. తాను గొట్టం జోలికి పోనని ఒట్టేశాడు. కానీ ఎవడో ఒకడు తెరిస్తే తన చేను ఒక్కటైనా నిలబడాలి కదా అన్నాడు. లేదని చెప్పి పంపింది. సాయంత్రానికి మరో ఇద్దరు వచ్చారు. వారం తిరిగేసరికి నలభై ముగ్గురు రైతుల్లో ముప్పై ఒక్కరు, ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి అదే విత్తనం అడిగి వెళ్లారు. అందరి నోటా ఒకటే మాట: నేను తెరవను, ఎవడో తెరుస్తాడు.

చార్విక మళ్లీ వరండాలో తిరగడం మొదలుపెట్టింది.

చివరగా మౌనికమ్మ వచ్చింది. ఆమెను చూడగానే చార్వికకు ప్రాణం లేచొచ్చింది. ఈమె ఒక్కతైనా దాని కోసం రాలేదనుకుంది. మౌనికమ్మ కుర్చీలో కూర్చుంది.

"తొమ్మిది ఉందా అమ్మాయ్?" అంది.

"మీరు కూడానా పెద్దమ్మా? ఎవరూ తెరవట్లేదు కదా."

"ఎవరో తెరుస్తారని వాళ్లు అడుగుతన్నారు. నేను అబద్ధం చెప్పను. నేనే తెరుద్దామని అడుగుతన్నా. రెండేళ్లు నా చేను మాడింది, నా బావిలో ఉప్పు తాగాను. వాళ్ల చేలూ ఒక్కసారి మాడాలి. అప్పుడు నాది ఒక్కటీ పచ్చగా ఉంటే చూడాలనుంది."

ఆమె గొంతులో కోపం లేదు. ఎప్పటి నుంచో మోస్తున్న బరువును దించుకున్నట్టు చెప్పింది. చార్విక ఆమె చేయి పట్టుకుని, విత్తనం లేదని, ఒక్క గింజ కూడా మిగల్చలేదని చెప్పింది. మౌనికమ్మ ఆమె కళ్లలోకి చూసి, సరేలే అని లేచి వెళ్లిపోయింది.

పక్కనే ఉన్న హనోకు చార్విక వైపు చూశాడు. విత్తనాలు దాచే శీతల గదిలో అడుగు అరలో రెండు కిలోల ద్వీప-9 ఉందని అతనికి తెలుసు. ఉడకబెట్టిన రోజున దాన్ని పక్కకు తీసి పెట్టింది చార్వికే. పరిశోధన కోసమని అప్పుడు అతనితో అంది, తనకు తానూ అదే చెప్పుకుంది.

అతను భోజనానికి వెళ్లాక ఆమె శీతల గదిలోకి వెళ్లింది. ఆ సంచిని చేతుల్లోకి తీసుకుంది. ఇది మౌనికమ్మ చేతిలో పడితే? మణికంఠ చేతిలో పడితే? హనోకు కూడా ఈ ఊరివాడే, వాళ్ల నాన్న చేను కట్ట పక్కనే. ఆమె దాన్ని బయటికి తీసుకురాలేదు, ఉడకబెట్టలేదు. మళ్లీ అరలోనే పెట్టి తలుపు మూసింది.

"నేలనాడీ, ఈ తలుపు ఎవరెవరి వేలిముద్రకు తెరుచుకుంటుంది?"

"మీది, డాక్టర్ హనోకుది."

"అతనిది తీసెయ్" అంది చార్విక.