ఒక తుమ్మకు రెండు పేర్లు

"ఓ డ్రైవరు సారూ! బండి ఆపు."

జేసీబీ తొండానికి ఎదురుగా, చున్నీ నడుముకు బిగించి నిలబడింది మహిమ. శ్రీశైలం ఇంజిన్ ఆపి తల బయటపెట్టాడు. చండ్రుగొండ అవతల అడవి రోడ్డు వెడల్పు చేస్తున్నారు. క్రైస్తవుల పాత సమాధుల తోట అందులో పోతోంది.

"గా మూల కస్తూరి చెట్టును ముట్టకు. దాని కింద మా అమ్మ ఉంది. రాయి లేదు, చెట్టే గుర్తు. రేపు అమ్మను తీసి కొత్త సమాధుల తోటకు తీస్కపోతం."

"సరే. నీ పేరేంది?"

"నీకెందుకు?"

"ఎవరి ఆర్డరని మా ఓనరడిగితే చెప్పొద్దా?"

నవ్వు దాచుకుంది. "మహిమ."

ఆ పేరు నాలుక మీద పెట్టుకునే శ్రీశైలం సాయంత్రం దాకా ముళ్లపొదలు పెకిలించాడు. మూలన తెల్లగా పూసి ఘుమఘుమలాడే చెట్టును మాత్రం ఆకు రాలకుండా వదిలేశాడు.

మర్నాడు ముసురు. మహిమ తండ్రి ఆంథోనితో వచ్చింది.

"చూడు, నీ చెట్టు!" అన్నాడు శ్రీశైలం.

ఆమె ముఖం పాలిపోయింది. "గిది దేవగన్నేరు. కస్తూరేది? పసుపు పూలు... దూది ఉండల్లెక్క... ముండ్లు..."

"గది మురికితుమ్మ గదా! మా ఊళ్లె..."

"మా అమ్మ మీది పువ్వు నీకు మురికా?"

శ్రీశైలం చుట్టూ కలియజూశాడు. అన్ని ముళ్లలో అదెక్కడుందో గుర్తులేదు. నేలంతా ఒకటే బురద. ఆంథోని మోకాళ్ల మీద కూలబడి ఆ బురదను తడుముతున్నాడు.

శ్రీశైలం మళ్లీ బండి ఎక్కలేదు. పలుగు పట్టి, నేలలో మిగిలిన వేర్లను ఒక్కొక్కటే విరిచి వాసన చూడసాగాడు.

"ఏం ఏషాలు గివి?"

"మురికిదని ఊకెనే అనరు మహిమా. పువ్వు అత్తరే. ఏరు ఇరిస్తే కుళ్లు కంపు. ఈడున్న వేరే ముండ్లకు గట్లుండది."

ఆమె కూడా వంగింది. వాన తగ్గలేదు. చాలాసేపటికి ఒక వేరు విరిచి, ముక్కు మూసుకుని, అట్లాగే ఏడ్చేసింది. "ఇదే. నాయినా, ఇదే!"

చేతులతోనే తవ్వారు. పెట్టె ఎప్పుడో చీకిపోయింది. అమ్మ జపమాలనూ వేలి ఎముకలనూ కలిపి పెనవేసుకుని ఉంది వేరు. ముళ్లు దిగిన చేతులతో, ఒక్క పూస తెగకుండా విడదీశాడు శ్రీశైలం.

కొత్త తోట గేటు బయటే ఆగిపోయాడతను. ఆంథోని వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ముందు ఇంటోళ్లం మన్నేస్తం. నువ్వు గూడ పిడికెడెయ్యి, బిడ్డా."

వేసి, మహిమ పక్కన నిలబడ్డాడు. "మాఫ్ చేసినవా?"

"లే."

"మరి పోనా?"

ఆమె గుంతలోంచి చూపు తిప్పలేదు.

"పోతే ఎట్ల? మాఫ్ చేసేదాక రోజూ రావాలె."