నోటినిండా గుడ్లు

మనీలా దగ్గరి అనిలావ్ సముద్రంలో బొటనవేలంత చేపకి కూడా క్యూ కడతారు. ఆ ఉదయం ఒక పగడపు గుబురు ముందు ఏడుగురు ఫోటోగ్రాఫర్లు నీళ్ళలో వేలాడుతున్నారు. ఒక్కొక్కరి చేతిలో కారు ఖరీదు చేసే కెమెరా. ఫోటోల పోటీకి అదే ఆఖరి రోజు మరి.

గుబురులో పసుపు చారల తండ్రి చేప ఉంది. దాని నోటినిండా పొదుగుతున్న గుడ్లే. పిల్లలు బయటికొచ్చేదాకా పాపం తిండి ముట్టదు. అది నోరు తెరిచే క్షణం దొరికిందా, కప్పు చేతికొచ్చినట్టే. చేపని వెతికిపెట్టింది గైడ్ అంపారో. వెతికేది ఎప్పుడూ తనే, కప్పులు పట్టుకెళ్ళేది వాళ్ళు.

ఏడోవాడు బెనిల్డో. మూడేళ్ళుగా ప్రతి సెలవుకీ మనీలా నుంచి దిగుతున్నాడు, చేపల కోసమట! చేపల కోసమైతే అంపారో ఇంట్లో కట్టెలు కొట్టడం దేనికో? పిల్లనడగదలచినవాడు ముందు ఆ ఇంటి చాకిరీ చేయాలని అక్కడి ఆచారం. బెనిల్డో కట్టెలు కొట్టాడు, నీళ్ళు మోశాడు, పడవకి రంగేశాడు. అడగవలసిన మాట ఒక్కటే అడగలేదు. వట్టి చేతులతో ఏ మొహం పెట్టుకుని అడగడం? కప్పు రావాలి.

"ఈసారైనా వస్తుందా దొరగారికి?" అని నీళ్ళలోకి దిగకముందు పడవలోనే ఆటపట్టించింది అంపారో.

"వస్తే నీకో మాట చెప్పాలి."

"రాకపోతే?"

"వచ్చే ఏడాది చెబుతా."

"బాగుంది. అప్పటికి మా ఊళ్ళో చెట్లుండవు."

నీళ్ళలో ఆరోవాడు చేప కదలడం లేదని పుల్లతో పొడిచాడు. చేప బెదిరి నాలుగు గుడ్లు మింగేసింది. ఇక చాలని అంపారో చేతులు అడ్డంగా ఊపింది. ఎవరు చూస్తారు? అందరి కళ్ళూ కెమెరాల్లోనే ఉన్నాయి.

బెనిల్డో చూశాడు. అప్పటికి వంతు అతనిది. ఎదురుగా చేప నోరు తెరవబోతోంది. అయినా లైట్లు ఆర్పేసి, వెనక్కి తిరిగి, చేపకి అడ్డంగా గోడలా నిలబడ్డాడు. మిగతా ఆరుగురూ పిడికిళ్ళు చూపించారు.

"నా కెమెరా కార్డునిండా నీ పొట్టే ఉందయ్యా," అని పడవెక్కగానే ఆరోవాడు విరుచుకుపడ్డాడు.

ఇంజను దగ్గర అంపారో తండ్రి మాంగ్ టినోయ్ బీడీ ఆర్పాడు. "నీకేం దొరికిందయ్యా?"

"ఏమీ లేదు మాంగ్ టినోయ్. ఇక వచ్చే ఏడాది..."

ముసలాయన కూతురివైపు తిరిగాడు. "ఆ చేప ఎన్నాళ్ళు నోరు మూసుకుంటుందే?"

"మహా అయితే పది రోజులు నాన్నా."

"మరి వీడు?"

"మూడేళ్ళు."

"మా ఇంట్లో కట్టెలు పెట్టడానికి చోటు లేదు బాబూ. కక్కుతావా, మింగుతావా?"

బెనిల్డో చేతులు వట్టివే. కప్పూ లేదు, ఫోటో కూడా లేదు. "అంపారో, నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అన్నాడు.

అంపారో తడి జుట్టు పిండుకుంది.

"రేపు కట్టెలు కొట్టడానికి రాకు," అంది. "మీ అమ్మానాన్నల్ని తీసుకురా."