చుక్క వేయని పళ్లెం

చూసినవాళ్లు చెప్పండి! ఆ గాజు పళ్లెంలో మీకేం కనిపించింది? నీళ్లు నమలకుండా చెప్పండి.

సిద్దిపేట చివర, మురుగునీళ్లు శుద్ధి చేసే చోట ఉజ్వల పనంతా పళ్లేలతోనే. బ్యాక్టీరియాను మీగడలా పెంచి, పైన నీటిచుక్క వేస్తుంది. ఆ బ్యాక్టీరియాను తినే వైరస్ నీళ్లలో ఉంటే మర్నాటికి మీగడకు చిల్లులు పడతాయి. లోపలికొచ్చే మురుగుకు లెక్కలేనన్ని. క్లోరిన్ కలిపి వదిలే నీళ్లకు ఒకటీ అరా. పక్కనే, సరిచూసుకోవడానికి, చుక్క వేయని పళ్లెం ఒకటి ఉంటుంది. దానికి చిల్లు పడనే పడకూడదు.

చనిపోయిన పెద్దలకు బువ్వ పెట్టే అమావాస్య, పెత్రమాస నాడు పడింది.

సన్నటి చిల్లులు. అన్నీ కలిసి ఒక అరచెయ్యి... నాలుగే వేళ్లు. చిటికెన వేలు లేదు.

పోయిన నెల బురద ట్యాంకులో ఊపిరాడక పోయిన రాజమల్లయ్యకూ అది లేదు. పంపులో మళ్లీ గుడ్డలు చిక్కాయి. వాటిని తీయడానికి ఇప్పుడు ఆ ట్యాంకులోకి దిగేది అతని తమ్ముడు దుబ్బయ్య. మనుషుల్ని దించొద్దని చట్టముంది. చట్టం బురదలోకి దిగదు కదా!

"సార్, దుబ్బన్నను దించకున్రి."

ఇంజనీరు శ్రీవర్ధన్ ఉజ్వల చూపిన పళ్లెం చూసి నవ్వాడు. "నీ చెయ్యే తగిలుంటది."

"నా చేతికి అయిదేళ్లున్నయి సార్!"

పళ్లెంతోనే ట్యాంకు దగ్గరికి పరుగెత్తింది. మబ్బు కమ్మింది. కుళ్లిన గుడ్ల వాసన. ట్యాంకు గట్టు మీద కొండవ్వ చచ్చిపోయిన మొగుడు రాజమల్లయ్యకు బువ్వ పెడుతోంది. దుబ్బయ్య నడుముకు తాడు బిగించుకున్నాడు. అతణ్ని ఆపాలనే ఉజ్వల పళ్లెం చూపించింది.

కొండవ్వ చేతిలో గిన్నె జారింది. "మా ఆయన చెయ్యే గిది..."

దుబ్బయ్య గొంతు తగ్గింది. "అన్న పిలుస్తుండు."

"పిలుస్తలేడన్నా! వద్దంటుండు!"

"నీకెర్కనా చెల్లే? పెత్రమాస నాడు పెద్దలు పిలిస్తే పోకుంటె ఎట్ల?"

దిగాడు.

ఉజ్వల తాడు పట్టుకుంది. తాడు బిగిసింది... ఊగింది... ఆగింది.

"దుబ్బన్నా..."

బుడగ లేదు. సప్పుడు లేదు. కొండవ్వ, ఉజ్వల కలిసి లాగారు. తేలిగ్గా వచ్చింది. ముడి వేసినట్టే ఉంది. లోపల నడుమే లేదు.

గట్టు మీది పళ్లెంలో, చిటికెన వేలుండాల్సిన చోట, చిల్లులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి...

మీరూ చూశారు కదా. చెప్పండి, ఆ చెయ్యి వద్దన్నదా, రమ్మన్నదా?