మత్తులో మేలుకున్న చెయ్యి

మిట్టమధ్యాహ్నం పన్నెండుకి ఇంకా పదే నిమిషాలు! పట్టపగలే ఆకాశం మసిబట్టిపోయింది. ఫెళఫెళమని ఉరుములు... ఆపరేషన్ థియేటర్ కిటికీ బయట, ఏసీ పెట్టె మీద ఓ గుడ్లగూబ. రెప్ప వెయ్యకుండా లోపలికే చూస్తోంది!

లోపల బల్ల మీద అక్క. పిత్తాశయంలో రాళ్లు, నొప్పి ఆగట్లేదు, వాయిదా కుదరదన్నారు. పక్కనే చెల్లెలు, తను ఆ థియేటర్‌లోనే నర్సు. తల దగ్గర స్టూలు మీద మత్తు డాక్టర్... కాదు, మాంత్రికుడు! ఆకుపచ్చ గౌను కింద వాడి మెడలో నల్లదారం. దానికి మూడు బుల్లి ఎముకలు. ఉరితీసిన హంతకుడి కపాలం పగలగొట్టి, చెవి లోపల్నుంచి ఏరుకొచ్చిన ఎముకలు!

వాడికి తెలిసిన రహస్యం ఒక్కటే. మత్తులో మనిషి పడుకుంటాడు గానీ చెవి పడుకోదు. శబ్దం మెదడు దాకా వెళ్తూనే ఉంటుంది. అదేంటి, ఎవరన్నారు, నమ్మాలా వద్దా అని తేల్చే తెలివి మాత్రం అప్పుడుండదు. తలుపు బార్లా తెరిచి కాపలావాడు గుర్రు పెడుతున్నట్టు! ఆ తలుపులోంచే వాడు మంత్రం తోసేవాడు... నీకు దగ్గరైన ప్రాణం నాకియ్యి అని. సరిగ్గా పన్నెండుకి, మూడుసార్లు. మధ్యలో తెగిందా, అన్నవాడికే బెడిసికొడుతుంది. ఏడు ప్రాణాలైతే వాడికిక చావుండదు!

ఇప్పటికి ఆరు. ఆరోది ఓ టైలరమ్మ మొగుడిది. ఆపరేషనై ఇంటికెళ్లిన మూడో రోజు, బట్ట కత్తిరిస్తూ కత్తిరిస్తూ లేచింది... భోంచేస్తున్న మొగుడి మెడలో కత్తెర దించేసింది! పదకొండు పోట్లు! కంచం నిండా నెత్తురు! ఆమెకి ఒక్కటీ గుర్తులేదు.

ప్రాణాలు తీసిన ఆ ఆరుగురు పేషెంట్లూ మత్తు దిగుతూ ఒకటే మూలుగు మూలిగారు... దగ్గరైన ప్రాణం ఇయ్యి అని. అది విన్నది చెల్లెలొక్కతే. పెద్ద డాక్టర్‌కి చెబితే, సినిమాలు తగ్గించమ్మా అని నవ్వేశాడు. ఇవాళ వేరే మత్తు డాక్టర్ రావాల్సింది, ఆఖరి నిమిషంలో వీడొచ్చి కూర్చున్నాడు. అక్కకి దగ్గరైన ప్రాణం ఇంకెవరు... తనే!

"గున్నేనుగక్కా, భయమా?" అంది చెల్లెలు.

అక్క కుడిచెయ్యి ఠక్కున లేచి చెల్లెలి పీక పట్టుకుంది. చిన్నప్పట్నుంచీ అంతే, ఆ మాటంటే చాలు.

"ఇంకోసారి అను, ఇక్కడే చంపుతా."

"ముందు నువ్వు లే, తర్వాత చంపుదువుగాని."

మత్తెక్కింది. ఇక కండరాలు కదలకుండా చేసే మందు పడాలి. అది పడేలోపు చెల్లెలు బీపీ చూస్తున్నట్టు అక్క కుడిచేతికి పట్టీ చుట్టి, గట్టిగా గాలి కొట్టి అలాగే ఉంచేసింది. పాత నర్సులు నేర్పిన కిటుకు. పట్టీ బిగిస్తే ఆ చేతికి మందు చేరదు. ఒళ్లంతా బండైపోయినా, లోపలికి ఏదైనా వినిపిస్తే ఆ చెయ్యి చెబుతుంది. వాడు చూశాడు గానీ పట్టించుకోలేదు. వాడి కళ్లు గడియారం మీదున్నాయి.

పన్నెండు!

తెర అవతల పెద్ద డాక్టర్ పొట్ట మీద గాటు పెడుతున్నాడు. తెర ఇవతల వాడు అక్క కుడిచెవి మీదకి వంగాడు. ఒకసారి... మెడలో ఎముకలు కటకటలాడాయి! రెండోసారి... అక్క వేళ్లు వంకర్లు తిరిగాయి! వినిపిస్తోంది! చెల్లెలు దూకబోయింది. మంత్రం పట్టేసినట్టు కాళ్లు నేలకి అతుక్కుపోయాయి! మిగిలింది గొంతొక్కటే.

వాడి పెదాలు మూడోసారి కదిలాయి.

"గున్నేనుగక్కా!"

చెయ్యి లేచింది! ఒళ్లంతా శవంలా పడున్న మనిషికి ఆ ఒక్క చెయ్యి... అందిన పీకని అందుకుంది! గోళ్లు చర్మంలో దిగాయి. నల్లదారం పుటుక్కున తెగింది. మూడోమాట గొంతులోనే నలిగిపోయింది!

మంత్రం వెనక్కి తిరిగింది.

వాడి చెవుల్లోంచి నల్లటి నెత్తురు చిమ్మింది. ఆరుగురి మూలుగూ ఒక్కసారే వాడి నోట్లోంచి! దగ్గరైన ప్రాణం ఇయ్యి... దగ్గరైన ప్రాణం ఇయ్యి... వాడి చెయ్యి ట్రేలో కత్తెర తీసింది. దగ్గరైనవాళ్ల కోసం గిరగిరా వెతికింది. ఆలి లేదు, బిడ్డ లేదు, దోస్తు లేడు. వాడికి దగ్గరైన ప్రాణం ఒక్కటే... వాడిదే!

కసక్! కసక్! కసక్! సరిగ్గా పదకొండు పోట్లు!

పెద్ద డాక్టర్ పిత్తాశయం తీసేసి గాటు మూశాడు. పక్క థియేటర్ మత్తు డాక్టర్ పరిగెత్తుకొచ్చి అక్క ప్రాణం నిలబెట్టింది. కిటికీ దగ్గర గుడ్లగూబ లేదు.

రెండు గంటలకి అక్క కళ్లు తెరిచింది. మూలగలేదు. చెల్లెలు అక్క నోటి దగ్గర చెవి పెట్టి వింది.

"అంతమంది ముందు... ఏమన్నావే నన్ను?"