నమ్మనివాడు పోసిన నీళ్లు

జసింత చెయ్యి ఆదిత్యకు మొదటిసారి తగిలింది ప్రేమతో కాదు, అతన్ని లైన్లోంచి బయటికి లాగడానికి.

గోదావరిఖని చర్చిలో ఫ్రెండ్ పెళ్లి. బయట ముసురు. పూజ మధ్యలో అందరూ లేచి బలిపీఠం వైపు వరసలో నడుస్తుంటే, ప్రసాదం పెడుతున్నారనుకుని ఆదిత్య కూడా వెళ్లి నిలబడ్డాడు. ఇంకో ఇద్దరైతే తన వంతు. ఇంతలో పాటలు పాడేవాళ్లలోంచి నీలం చీర కట్టిన అమ్మాయి గబగబా వచ్చి, చొక్కా పట్టుకుని పక్కకు ఈడ్చింది. నలుగురూ చూశారు. అతనికి చెవులు కాలిపోయాయి.

వరండాలో గొడవ పెట్టుకున్నాడు. చెయ్యి చాపినవాడికి ప్రసాదం లేదనడం ఎక్కడి మర్యాద అన్నాడు. అది మామూలు ప్రసాదం కాదనీ, దివ్యసత్ప్రసాదమనీ, క్రీస్తు శరీరమనీ, జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, పొందినవాళ్లే, అదీ గంట ముందునుంచి ఏమీ తినకుండా తీసుకుంటారనీ ఆమె చెప్పింది.

"పొద్దున ఏం తిన్నవ్?"

"వడలు. ఇక్కడికొచ్చే ముందు కూడా రెండు."

ఆమె నవ్వు ఆపుకోవడానికి వానవైపు తిరిగింది. అయినా భుజాలు ఊగుతూనే ఉన్నాయి. చెప్పకపోతే ఎలా తెలుస్తుందని అతను గొణిగితే, ఆదివారం మా బాపు క్లాసు చెప్తడు, వచ్చి నేర్చుకోరాదు అంది. ఆమె వెక్కిరింపుగా అంది. అతను నిజంగానే వెళ్లాడు.

ఎవరి కోసం వెళ్లాడో వేరే చెప్పాలా?

ఆదిత్య వాళ్లది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి సత్తిబాబు గనుల్లో ఇంజనీరు, కొడుకూ అదే దారిలో, పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్ట్‌లో ఉద్యోగానికి చేరాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు కాబట్టి ఇంట్లో ఒక యాస, బయట ఒక యాస. జసింత ప్రైవేటు దవాఖానలో నర్సు. ఆమె తండ్రి లింగమూర్తి రిటైరైన బొగ్గుగని కార్మికుడు. ఇప్పుడు చర్చికి ఉపదేశి, అంటే కొత్తవాళ్లకు మతపాఠాలు చెప్పేవాడు.

పాఠాలన్నీ ప్రశ్నలు, జవాబులే. తిరుసభ అంటే ఏంటి? క్రీస్తును నమ్మినవాళ్ల సంఘం. క్లాసు అయ్యాక చాయ్ ఇచ్చే వంకతో జసింత మళ్లీ అప్పజెప్పించుకునేది. దివ్య సంస్కారాలు ఎన్ని? ఏడు. ఏవి? జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం, పాపసంకీర్తనం, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం, గురుపట్టం... అక్కడ ఆగిపోయేవాడు.

"అసలైందే మర్చిపోతున్నవ్," అనేది ఆమె గ్లాసు తీసుకుంటూ.

ఏడోది వివాహం. అతను మర్చిపోయేవాడు కాదు. ఆమె ఆ మాట అనడం కోసం ఆగేవాడు.

లింగమూర్తి ఏ పాఠమైనా నింపాదిగా చెప్పేవాడు, ఒక్కటి తప్ప. చావు దగ్గరపడ్డప్పుడు, ఫాదర్ అందుబాటులో లేనప్పుడు, ఎవరైనా సరే జ్ఞానస్నానం ఇవ్వొచ్చు. తలమీద నీళ్లు పోయాలి, పితాపుత్ర పవిత్రాత్మ నామమున ఇస్తున్నానని అనాలి. ఈ పాఠం దగ్గర ఆయన గొంతు పెరిగేది, అందరిచేతా నోటికి వచ్చేదాకా అనిపించేవాడు. ఎందుకో జసింత చెప్పింది. ఆమె పుట్టకముందు ఆయనకు ఒక కొడుకు పుట్టి ఒక్కపూటే బతికాడు. ఎవరైనా ఇవ్వొచ్చని అప్పటికి లింగమూర్తికి తెలియదు. బిడ్డను ఒళ్లో పెట్టుకుని ఫాదర్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. ఫాదర్ వచ్చేసరికి బిడ్డ లేడు. జ్ఞానస్నానం కాలేదని ఆనాటి పెద్దలు సమాధుల గోడ అవతల పెట్టమన్నారు. ఇప్పుడు ఆ పద్ధతి లేదు గానీ, ఆయన మాత్రం ఆ గోడ దగ్గరికి ఇప్పటికీ వెళ్తాడు.

పెళ్లి మాట ఎత్తితే లింగమూర్తి కాదనలేదు. ఈస్టరుకు జ్ఞానస్నానం తీసుకో, పిల్లనిస్త అన్నాడు. సత్తిబాబు రెండ్రోజులు అన్నం దగ్గర మాట్లాడక, మూడోరోజు నీ ఇష్టం అన్నాడు. ఇక అడ్డు లేదనుకుంటుండగా ఆదిత్యే అడ్డం పడ్డాడు. ఆ రోజు అందరి ముందూ విశ్వసిస్తున్నాను అని అనాలి. అతనికి విశ్వాసం రాలేదు. పాఠాలు వచ్చాయి, అంతే.

"అనేస్తా. నీకోసం ఏమన్నా అంటా," అన్నాడు జసింతతో.

ఆమె మొహం మాడిపోయింది. "దేవుని ముంగట అబద్ధమాడినోడు రేపు నా ముంగట ఆడడా? గట్లయితే నాకొద్దు."

అని లోపలికి పోయింది. ఆ వారం ఫోన్ ఎత్తలేదు. అనకపోతే తండ్రి ఇవ్వడు, అంటే కూతురు రాదు. ఆదిత్యకు ఎటూ తోచలేదు.

ఆమె ఫోన్ వచ్చింది ఒక మధ్యాహ్నం, కానీ గొడవ తీర్చుకోవడానికి కాదు. అక్క సంతోషికి ఏడో నెలలోనే నొప్పులు వచ్చి ఆడపిల్ల పుట్టింది. పిల్లకు ఊపిరి అందడం లేదు, కరీంనగర్ తీసుకుపొమ్మన్నారు. సంతోషికి రక్తం ఆగడం లేదు కాబట్టి జసింత కదల్లేదు. బావ నర్సింగం షిఫ్టులో గని లోపల ఉన్నాడు, కబురు వెళ్లి అతను పైకి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. లింగమూర్తి ఫాదర్‌ను తీసుకురావడానికి నొప్పులు మొదలవగానే మంచిర్యాల వెళ్లాడు, బిడ్డ పుట్టిన సంగతి ఇంకా తెలియదు. బిడ్డతో అంబులెన్స్ ఎక్కడానికి మనిషి లేడు.

ఆదిత్య ఎక్కాడు.

సుల్తానాబాద్ దాటకముందే అంబులెన్స్‌లోని నర్సు తల అడ్డంగా ఊపింది. ఊపిరి అందించే పంపు నొక్కుతూనే ఉంది, కానీ కళ్లు తిప్పేసుకుంది. పిల్ల అతని అరచేతికి కాస్త ఎక్కువ ఉందేమో. ఛాతీ ఒకసారి లేచి, చాలాసేపటికి ఇంకోసారి లేస్తోంది. ఆదిత్య నీళ్లు అడిగాడు. ఆమె తాగే సీసా ఇచ్చింది. మూతలో పోసుకుని, ఆ చిన్న తలమీద కొద్దికొద్దిగా వంచుతూ, నోటికి వచ్చిన ఆ వాక్యం మొత్తం అన్నాడు. పిల్ల ఛాతీ ఇంకా లేస్తూనే ఉంది. అతను చూశాడు. కరీంనగర్ చేరకముందే ఆగిపోయింది.

మర్నాడు పొద్దున లింగమూర్తి ఇంట్లో తెల్లగుడ్డలో చుట్టిన బిడ్డను బల్లమీద పడుకోబెట్టారు. సంతోషి ఇంకా దవాఖానలోనే ఉంది, ప్రాణానికి భయం లేదన్నారు. నర్సింగం కళ్ల అంచున బొగ్గు నలుపు అలాగే ఉంది. ఆదిత్య జరిగింది చెప్పాడు. లింగమూర్తి లేచి వచ్చి అతన్ని గట్టిగా కావలించుకున్నాడు. ముసలాయన ఏడుస్తున్నాడు.

"దేవుడు నీ చేత చేపిచ్చిండు బిడ్డా. నమ్మినవ్ గనుకనే పోసినవ్. ఈస్టరు దాంక ఎందుకు, పెండ్లికి రోజు చూస్త."

జసింత గోడకు ఆనుకుని అతన్నే చూస్తోంది. ఒక్కసారి తల ఊపితే చాలు. అందరికీ ఓదార్పు, తనకు జసింత. తల ఊపకపోతే ఆ నీళ్లు వట్టి నీళ్లయిపోతాయేమో, బిడ్డ తండ్రికి మిగిలిన ఒక్క ఆసరా కూడా పోతుందేమో.

"లేదు కాకా. నమ్మి పొయ్యలే. ఇప్పటికీ నమ్మకం రాలే."

నర్సింగం తలెత్తాడు. "మామా, మరి నా బిడ్డకు జ్ఞానస్నానం అయినట్టా, కానట్టా?"

లింగమూర్తి వెనక్కి వెళ్లి కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత, క్లాసులో అడిగినట్టే, ఆదిత్యను ఒక ప్రశ్న అడిగాడు.

"పోసినప్పుడు నీ మనసుల ఏమనుకున్నవ్?"

"మీరుంటే ఏం చేస్తరో, మీ తిరుసభ ఏం చేస్తదో, గదే చెయ్యాలనుకున్న. ఇంకేం అనుకోలే."

"గది చాలు," అన్నాడు లింగమూర్తి. "ఇచ్చేటోడు నమ్మకపోయినా సరే, తిరుసభ చేసేదే చెయ్యాలనుకుంటే చాలు. ఎన్నేండ్ల సంది చెప్తున్ననో ఈ మాట. అయింది నర్సింగం. నీ బిడ్డకు జ్ఞానస్నానం అయింది."

నర్సింగం బల్ల దగ్గరికి వెళ్లి బిడ్డ నుదుటిమీద చెయ్యి పెట్టి, అప్పుడు ఏడ్చాడు.

మధ్యాహ్నం ఫాదర్ ప్రార్థన చేశాడు, బిడ్డను గోడ లోపల పెట్టారు. అందరూ కదిలాక లింగమూర్తి ఆదిత్యను ఆపాడు. జసింత కూడా ఆగింది.

"నమ్మిన అంటే పిల్లనిస్తుంటి. ఎరికేనా?"

"ఎరికే కాకా."

"ఒక పాఠం నీకు చెప్పలే. బిషప్ గారు పర్మిషన్ ఇస్తే, జ్ఞానస్నానం లేనోనితోని గూడ చర్చిల పెండ్లి చెయ్యచ్చు. కావాల్ననే దాటేసిన, నిన్ను మా మతంల కలుపుకోవాల్నని. తప్పు నాది. రేపు ఫాదర్‌ను నేనే అడుగుత. నువ్వు నమ్మిన్నాడే నమ్ము."

ఎండ దంచుతోంది, ఎక్కడో ఓపెన్‌కాస్ట్‌లో పేలుడుకు కాళ్లకింద నేల అదిరింది. జసింత దగ్గరగా వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె మొహం ఉబ్బి ఉంది.

"పోసేటప్పుడు చెయ్యి వణికిందా?"

"వణికింది. ఎక్కడ ఒలికిపోతయో అని రెండో చేత్తో పట్టుకున్న."

ఆమె ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. తండ్రి చూస్తున్నాడని తెలుసు. అయినా వదల్లేదు.