ఉదయగిరి బస్సులో మూడో మ్యాచి

డెబ్బై ఎనిమిదిలో ఆత్మకూరు కాలేజీ ఫుట్‌బాల్ జట్టు సీజను మొదటి మ్యాచిలోనే కావలి వాళ్ల చేతిలో రెండు గోల్స్ తిని ఓడిపోయింది. ఆ సాయంత్రం ఉదయగిరి బస్సు చావు జరిగిన ఇల్లులా ఉంది. కాకపోతే చావు జరిగిన ఇంట్లో ఇన్ని తిట్లు వినపడవు.

వెనక సీట్లలో మగవాళ్లంతా మ్యాచి చూసి వస్తున్నవాళ్లే. గోలీని ఒకరు, రిఫరీని ఒకరు, డ్రిల్లు మాస్టర్ని ఒకరు వాటాలు వేసుకుని తిడుతున్నారు. కిటికీ పక్కన కూర్చున్న మాల్యాద్రి మాత్రం అందరూ అలిసిపోయేదాకా ఆగాడు. అతను ఆత్మకూరు సమితి ఆఫీసులో టైపిస్టు. అంతకుముందు అదే కాలేజీలో చదివి, అదే జట్టులో ఆడి, మోకాలు దెబ్బతిని గట్టుమీదికి చేరినవాడు. అందుకని ఆట గురించి చివరి మాట తనదేనని అతని నమ్మకం.

"ఓడితే ఓడినారు. ఎడమ పక్క ఆడే లెఫ్ట్ అవుట్ యేసురత్నం ఒక్కడే మనిషి మాదిరి ఆడినాడు" అన్నాడు.

ముందు ఆడవాళ్ల సీట్లలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

కండక్టరు ఖాదర్ బాషా టికెట్లు కొట్టడం ఆపాడు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే మనిషి. డ్యూటీ వల్ల ఒక్క మ్యాచీ చూడలేక, బస్సులో మాటలు విని సంతోషపడేవాడు.

"ఎవురమ్మా నవ్వింది?"

"నేనేన్నా. ఆ మాటన్నాయన ఏ ఊరి మ్యాచి చూసొచ్చినాడో అడుగు."

ఖాదర్ బాషా వెనక్కి తిరిగాడు. "ఏ ఊరి మ్యాచి చూసొచ్చినావని అడగతా ఉండాది అబ్బయ్యా."

ఆ మాట బస్సంతా ముందే విన్నది. అయినా పద్ధతి పద్ధతే. వెనక కూర్చున్న కుర్రాడు ముందు కూర్చున్న ఆడపిల్లతో నేరుగా మాట్లాడితే తప్పు. ఇద్దరూ కండక్టరుతో మాట్లాడితే ఎవరికీ తప్పు కాదు.

మాల్యాద్రి గొంతు గుర్తుపట్టాడు. మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పే కొండలయ్య మాస్టారి కూతురు రెబెక. ఆత్మకూరు కాలేజీలో బి.ఎ. చివరి సంవత్సరం. ఉదయగిరి చర్చిలో ప్రతి ఆదివారం ఆమె ఆడవాళ్ల వైపు కూర్చుంటుంది, అతను మగవాళ్ల వైపు కూర్చుంటాడు. మధ్యలో ఉన్న ఆ కాస్త దారిని ఇన్నేళ్లలో ఒక్క పలకరింపైనా దాటలేదు. ఇప్పుడు రెండు గోల్స్ పుణ్యమా అని దాటింది.

"గ్రౌండు పక్కనే నిలబడి చూసినానని చెప్పన్నా."

"అందుకే తెలీలేదు" అంది రెబెక. "మమ్మల్ని పై వరండాలోంచి చూడమంటారు గదా. ఆడ్నుంచి చూస్తే అంతా తెలుస్తాది. యేసురత్నం బాలు దొరికితే గీత వెంబడే పరిగెత్తతాడు. మూలకు పోయినాక దోవ లేక నిలబడతాడు. గట్టుమీద ఉండేవాళ్లకు వాడి పరుగు కనపడతాది. మాకు ముందరుండే ఖాళీ కనపడతాది. ఆ ఖాళీలోకి మాత్రం వాడు రాడు."

వెనకాల అందరూ గొల్లున నవ్వారు. ఆమె చెప్పింది అక్షరాలా నిజమని మాల్యాద్రికి తెలుసు. కానీ అవునంటే మాట అక్కడితో అయిపోతుంది. ఏఎస్‌పేట ఇంకా రానేలేదు.

"మూలకు పోయేది వాడి తప్పు గాదని చెప్పన్నా. నేర్పేవాళ్ల తప్పు."

అలా మొదలైంది. ఏఎస్‌పేటలో దర్గాకు వచ్చి వెళ్తున్నవాళ్లు ఎక్కి, గొడవేందని అడిగి, ఏమీ తెలియకుండానే చెరొక పక్షం చేరారు. ఉదయగిరిలో దిగేసరికి మాల్యాద్రికి ఒక సంగతి తెలిసిపోయింది. జట్టు ఓడిపోయినందుకు అతనికి రవ్వంత బాధ కూడా లేదు.

ఇక రోజూ అదే బస్సు, అదే పంచాయితీ. ఆమె యేసురత్నాన్ని ఒక మాట అంటే అతను వెనకేసుకొచ్చేవాడు. పరుగు బాగుందన్నాడు, ఓపిక బాగుందన్నాడు. చెప్పడానికి ఇంకేమీ దొరకని రోజున బూట్లకు లేసులు బాగా కట్టుకుంటాడన్నాడు. "బూట్లకే కప్పు ఇమ్మను" అని ముందునుంచి జవాబొచ్చింది. ఖాదర్ బాషా ఆ మాట మోసుకొస్తూ నవ్వలేక సీటు పట్టుకుని నిలబడ్డాడు.

ఆఫీసులో మాల్యాద్రి టైపు చేసే కాగితాల్లో తప్పులు పెరిగాయి. చర్చిలో కళ్లు మూసుకోమన్నప్పుడు అతను మూసుకోవడం మానేశాడు.

రెండో మ్యాచి గూడూరుతో. ఒకటీ ఒకటీ సమానం. యేసురత్నం ఎప్పటిలాగే మూలకే పోయి నిలబడ్డాడు. ఆ సాయంత్రం డ్రిల్లు మాస్టరు పెంచలనరసయ్య కూడా ఉదయగిరిలో చుట్టాలింటికని అదే బస్సెక్కాడు.

"లెఫ్ట్ అవుట్‌ను మార్చేస్తా" అని ప్రకటించాడాయన. "వచ్చే మ్యాచికి వాడు వద్దు."

"మంచి పని సార్" అంది ముందు సీటు.

ఇంత సూటిగా అందించిన బంతిని మాల్యాద్రి వదులుకుంటాడా. లేచి నిలబడ్డాడు.

"తియ్యొద్దు సార్. వాడిది కుడికాలు బలం. ఎడమ పక్క ఆడిస్తా గీత వెంబడి పొమ్మంటే ఏం జేస్తాడు? సెంటరు గీత దాటినాక లోపలికి తిరగమని చెప్పండి. కుడికాలితో కొట్టమనండి. ఒక్క మ్యాచి చూడండి సార్. అప్పటికీ ఆడకపోతే నేను ఇంక నోరెత్తను."

పెంచలనరసయ్య గడ్డం గోక్కున్నాడు. కుర్రాడు చెప్పింది సబబుగానే తోచింది. "సరే, ఒక్క మ్యాచి" అన్నాడు. బస్సంతా చప్పట్లు కొట్టింది.

మాల్యాద్రి గెలిచినవాడి ముఖం పెట్టుకుని జవాబు కోసం ముందుకు చూశాడు. జవాబు రాలేదు. రెబెక కిటికీ ఊచకు తల ఆనించి బయటికి చూస్తోంది.

"ఏమ్మా, ఏమన్నా చెప్పేది ఉండాదా?" అన్నాడు ఖాదర్ బాషా.

"లేదన్నా" అంది.

మరుసటి వారం ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఉదయగిరి బస్సు ఎంతకీ రాలేదు. ఆత్మకూరు బస్టాండులో వెంగయ్య సోడా అంగడి రేకుల కింద మాల్యాద్రి నిలబడి ఉంటే, పుస్తకాలు పైటకింద దాచుకుని రెబెక పరిగెత్తుకొచ్చింది. జడ చివర్నుంచి నీళ్లు కారుతున్నాయి. ఇద్దరి మధ్యా సోడా బుడ్ల పెట్టె ఉంది. మాటలు మోయడానికి మాత్రం ఎవరూ లేరు.

వాన ఇద్దరి మీదా జల్లు కొట్టి, దగ్గరికి జరగమంది. వాళ్లు జరగలేదు.

"మీకు యేసురత్నం అంటే అంత ఇష్టమా?" అని ఆమే అడిగింది.

"వాడితో సరిగ్గా మాట్లాడింది గూడా లేదు."

"మరెందుకు వెనకేసుకొస్తా ఉండారు?"

మాల్యాద్రి వాన వైపు చూశాడు. "నువ్వు కాదంటుండావు గాబట్టి."

రెబెక నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"వాడు మా మేనమామ కొడుకు. నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడే మా అవ్వ మాట అనుకునింది. ఉద్యోగం లేకుంటే ఇయ్యనని నాయన అంటా వచ్చినాడు. ఈ ఏడు యూనివర్సిటీ టీములోకి పోతే రైల్వేలో తీసుకుంటారంట. పోకపోతే ఆ మాట ఇంతటితో సరి, నువ్వు బి.ఇడి. చదువుకో అన్నాడు నాయన. మూడో మ్యాచికి ఆటగాళ్లను ఎంచుకునే యూనివర్సిటీ ఆయన వస్తాడు. నాయన కూడా వస్తాడు."

మాల్యాద్రికి తను చేసిన పని అప్పుడు అర్థమైంది. తీసేయబోయిన మనిషిని తనే పట్టుబట్టి నిలబెట్టాడు. పైగా ఎలా ఆడాలో కూడా చెప్పి పంపాడు.

"ముందే చెప్పొచ్చు గదా."

"ఎట్లా చెప్పేది? ఖాదర్ బాషా అన్నతో చెప్పించమంటారా?"

"వాడంటే నీకు..."

"మంచోడే. చిన్నప్పుడు నా కోసం చింతచెట్టెక్కి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. వాడిమింద నాకు కోపం లేదు. ఇంకేమీ గూడా లేదు."

తర్వాతి ప్రశ్న అడగడానికి అతనికి ధైర్యం చాల్లేదు. అడక్కుండానే ఆమె చెప్పింది.

"బస్సులో అన్నేసి మాటలు ఎవరితోనే అని మా అమ్మ అడిగింది. కండక్టరుతో అన్నా. మా అమ్మకు నేను అబద్ధం చెప్పింది అదొక్కటే."

"రేపే డ్రిల్లు మాస్టర్ని కలుస్తా. వాణ్ణి తీసెయ్యమని చెప్తా" అన్నాడు మాల్యాద్రి.

"వద్దు. నాకోసమని ఒకరి ఆట చెడగొట్టొద్దు. వాడు ఎప్పుడూ మూలకే గదా పోయేది. ఈసారీ పోతాడు."

అంతలో బస్సొచ్చింది. ఆమె ముందు నుంచి, అతను వెనక నుంచి ఎక్కారు.

మూడో మ్యాచి నెల్లూరు జట్టుతో. సన్నగా తుంపర. కొండలయ్య మాస్టారు గొడుగు వేసుకుని వచ్చి, తెలిసిన ముఖమని మాల్యాద్రి పక్కనే నిలబడ్డాడు. "బాలు చేత్తో ముట్టగూడదంట గదా, ఆ చివర నిలబడినోడు పట్టుకుంటా ఉండాడేంది?" అని అడిగాడు. ఇంకో రోజైతే మాల్యాద్రి విడమరచి చెప్పేవాడే. ఇవాళ అతను తన జట్టు ఓడిపోవాలని దేవుణ్ణి అడుగుతున్నాడు.

హాఫ్ టైము దాటాక యేసురత్నానికి బంతి దొరికింది. గీత వెంబడే పరుగందుకున్నాడు. మూలకు పోరా, మూలకు పో అని మాల్యాద్రి లోపల గింజుకుంటున్నాడు. సెంటరు గీత దాటగానే యేసురత్నం చటుక్కున లోపలికి తిరిగాడు. ఎదురొచ్చినవాడు బురదలో కూలబడ్డాడు. గోలు దగ్గరికి దూసుకెళ్లి కుడికాలితో కొట్టాడు. గోలు.

గ్రౌండంతా అరుస్తుంటే మాల్యాద్రి పై వరండా వైపు చూశాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది రెబెక. మంచి ఆట కనపడగానే చేతులు వాటంతట అవే కొట్టాయి. ఆ తర్వాత ఆగిపోయాయి.

యేసురత్నం ఇంకో గోలు కూడా చేయించాడు. ఆత్మకూరు గెలిచింది. యూనివర్సిటీ ఆయన మాత్రం ఎవరితో ఏమీ అనకుండా జీపెక్కి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం బస్సు పెళ్లివారి బస్సులా ఉంది. హాస్టలు నుంచి మాస్టారి వెంట బయల్దేరిన యేసురత్నం వెనక టైరు మీది సీట్లో ఒళ్లంతా బురదతో, తలమీద తువ్వాలుతో, ఎవరు పొగిడినా సిగ్గుపడుతూ కూర్చున్నాడు. కొండలయ్య మాస్టారు బస్సు మధ్యలో లేచి నిలబడ్డాడు.

"యూనివర్సిటీ ఆయన ఏమీ చెప్పకనే పాయె. నాకా ఆట తెలీదు. రోజూ చూసేవాళ్లు మీరు. పిల్లోడు పైకొచ్చే ఆటగాడేనా? ఆదివారం చర్చి అయినాక వాళ్ల నాయనకు నేను ఏదో ఒక మాట చెప్పాల."

"మన బస్సులో ఇద్దరు జడ్జీలుండారు సారూ" అని ఖాదర్ బాషా ఉత్సాహంగా వెనక్కి తిరిగాడు. "చెప్పు అబ్బయ్యా. నీ మాటే గదా గెలిచింది."

మాల్యాద్రి కిటికీలోంచి బయటికి చూస్తూ జవాబు చెప్పాడు.

"ఏం ఆడినాడు. బురదలో నెల్లూరు గోలీ జారినాడు గాబట్టి గోలొచ్చింది. యూనివర్సిటీకి పోయేంత ఆట గాదు."

యేసురత్నం తలమీది తువ్వాలు తీశాడు.

"నువ్వు చెప్పినట్టే గదన్నా తిరిగింది. నీ మాటేనని డ్రిల్లు సారు చెప్పినాడు."

అందులో కోపం లేదు. అర్థం కాక అడిగాడంతే. మాల్యాద్రి తలెత్తి అతని వైపు చూడలేకపోయాడు.

"అట్లయితే ఇంక ఆ మాట..." అని కొండలయ్య మాస్టారు నిట్టూర్చాడు.

ఖాదర్ బాషా ముందు సీటు వైపు చూశాడు. "నువ్వేమంటావమ్మా?"

రెబెక ఊరుకుంటే సరిపోయేది. ఒక్క మాట ఎక్కువా చెప్పనక్కర్లేదు, తక్కువా చెప్పనక్కర్లేదు. బస్సులో ఇంకెవరూ ఆ ఇద్దరి మాట కాదనేవాళ్లు కారు. మాల్యాద్రికి ఆమె మెడ, తడిసిన జడ మాత్రం కనపడుతున్నాయి. ఊరుకో రెబెకా అని మనసులోనే బతిమాలాడు.

ఆమె కమ్మీ పట్టుకుని లేచి, వెనక్కి తిరిగింది. ఈసారి కండక్టర్ని అడ్డం పెట్టుకోలేదు.

"గోలీ జారలేదు నాయనా. నేను పైనుంచి చూసినా. బావ లోపలికి తిరిగేసరికి గోలీ ఇంకో పక్కకు పడినాడు. ఈ పొద్దు గ్రౌండులో అందరికంటే బాగా ఆడింది బావే."

ఇన్నాళ్లూ పేరుతోనే తిట్టిన మనిషిని ఆమె బావ అనడం అంతకుముందు బస్సులో ఎవరూ వినలేదు. యేసురత్నం ముఖం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగింది. రెబెక ఆ ముఖం చూసింది. తర్వాత మాల్యాద్రిని చూసింది. ఆ చూపులో కోపం లేదు, క్షమాపణ ఉంది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

"ఒప్పుకుంటుండా" అన్నాడు మాల్యాద్రి. "రెబెక చెప్పిందే నిజం. నేను అబద్ధం చెప్పినా మాస్టారూ. పిల్లోడు బాగా ఆడినాడు. పైకొస్తాడు."

బస్సంతా నవ్వింది. సీజను మొదలైనప్పటినుంచీ ఆ ఇద్దరిలో ఎవరో ఒకరు ఓడిపోవాలని చూస్తున్నవాళ్లకు పండగైంది. కొండలయ్య మాస్టారు వెళ్లి యేసురత్నం భుజం తట్టాడు.

ఖాదర్ బాషా ఒక్కడే నవ్వలేదు. ఇన్నాళ్ల మాటలూ మోసిన మనిషి, ఏం మోశాడో అతనికి అప్పుడు తెలిసింది. వచ్చి మాల్యాద్రి పక్కన కూర్చున్నాడు.

"ఏమన్నా చెప్పాల్నా అబ్బయ్యా ఆ యమ్మికి?" అని మెల్లగా అడిగాడు.

"ఆట ఆమె మాదిరి చూసేవాళ్లు లేరని చెప్పన్నా."

ఖాదర్ బాషా లేచి, టికెట్లు చూసేవాడిలా ఒక్కో సీటూ పట్టుకుంటూ ముందుకు వెళ్లాడు. వంగి ఏదో చెప్పాడు. కాసేపు అక్కడే నిలబడి తిరిగొచ్చాడు.

"ఏమనింది?"

"ఏమీ అనలేదబ్బయ్యా. ఏడస్తా ఉండాది."

తుంపరలో ఉదయగిరి కొండ కనపడింది. దిగేవాళ్లు సంచులు సర్దుకుని లేచి నిలబడ్డారు.