చిలుకమ్మ అనని మాట

"ముందు ఆ కెమెరా బంద్ చెయ్యి," అంది కమల.

జనగామ స్టేషన్ రోడ్డులో, మందుల దుకాణం పైన ఉన్న ఆమె ఆఫీసులోకి ముగ్గురు వచ్చారు. ముందున్న తెల్లచొక్కా మనిషి అమర్, మహబూబాబాద్ దగ్గర కారం మిల్లు యజమాని. వెనక కెమెరా పట్టుకున్నవాడు అతని ఉద్యోగి సంతోష్. ఇద్దరి మధ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ ముసలామెను కమల సహాయకుడు హరిలాల్ చూడగానే గుర్తుపట్టాడు. 'చిలుకమ్మ కారం' డబ్బా మీది ముఖం అది. పచ్చళ్ళు కలుపుతూ, కోడళ్ళను ఆటపట్టిస్తూ, ఫోన్లలో లక్షల మందికి దగ్గరైన అవ్వ.

"డిటెక్టివ్‌ను పెట్టుకున్నమని మా పేజీల చెప్పినం మేడం. జనం అడుగుతున్నరు. రోజూ ఏదో ఒకటి చూపియ్యాలె," అన్నాడు అమర్.

"జనానికి చూపించేది నా పని కాదు."

కమల గొంతులో కోపం లేదు, అలసట ఉంది. ఒకప్పుడు పోలీసు ఉద్యోగంలో దొంగల వెంట పరిగెత్తింది. ఈ మధ్య ఆమె దగ్గరికొచ్చే కేసులన్నీ ఫోన్లలో పుట్టి, ఫోన్లలోనే ముదురుతున్నాయి.

సంతోష్ కెమెరా దించాడు. అమర్ తన ఫోన్లో ఒక వీడియో పెట్టాడు. ఎవరిదో తెలియని కొత్త పేజీ. ఎర్రగా ఆరబోసిన మిర్చి ముందు కూర్చుని చిలుకమ్మ చెబుతోంది: "ఇటుక పొడి కలుపుతరు. గా కారం తినకుండ్రి. పిల్లలకు పెట్టకుండ్రి." కింద మిల్లు పేరు పెద్ద అక్షరాలతో ఉంది.

"సోమవారం పొద్దున పెట్టిండ్రు. ఆర్డర్లన్ని ఆగినయి. మా ఆడోళ్ళందరి పని పోయేటట్టున్నది. ఇది భూపాలపల్లి ప్రతాప్ పనే. ఆయనది గూడ కారం దందానే."

కమల ముసలామె వైపు తిరిగింది. "నువ్వేమంటవు అవ్వా?"

"నోరు నాదే బిడ్డా. కని మా కారాన్ని నేను గట్ల అనలే. ఆదివారం పొద్దుగూకాల గాలిదుమారం లేచింది. రాత్రంత కరెంటు లేదు. తెల్లారి కరెంటొచ్చినంక చూస్తే అందరి ఫోన్ల నేనే. వాకిట్లకొచ్చి మరీ తిట్టిపోయిండ్రు. పక్కన కూసుండి తొడిమెలు తీసినోళ్ళు గూడ నాతోని మాట్లాడతలేరు."

సోమవారమే తాను పెట్టిన జవాబు వీడియో కూడా చూపించాడు అమర్. మిల్లు ముందు ఒక్కడే నిలబడి చేతులు జోడించాడు. వెనక పేరు రాసిన గోడ, తెరిచి ఉన్న గేటు, పక్కన కాయలు వేలాడుతున్న మునగచెట్టు. "ఇయ్యాల పొద్దున లేచి గా వీడియో చూసిన. గుండె పగిలింది. చిలుకమ్మ మాకు తల్లి అసొంటిది. నిజం తేలేదాక నిద్రపోను." కన్నీళ్ళు చెంపల మీదికి జారాయి. చూస్తున్న హరిలాల్ కళ్ళు కూడా చెమర్చాయి.

"ఇది ఎవరు తీసిండ్రు?" అడిగింది కమల.

"నేనే. ఫోన్ స్టాండుకు పెట్టుకొని."

మర్నాడు కమల, హరిలాల్ మిల్లుకు వెళ్ళారు. యంత్రం ఆగిపోయి ఉంది. గేటు పక్కన విరిగిపడిన మునగచెట్టు ఆకులు రాల్చి ఎండుతోంది. మిల్లులో పనిచేసే కళ్యాణి దాని కొమ్మలు నరుకుతోంది.

"ఆదివారం గాలికే పడ్డది. దీన్ని తీస్తందుకు గూడ ఎవ్వరికి పానం ఒప్పుతలేదు," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "చిలుకమ్మ ఎవని దగ్గరనో పైసలు తీసుకొని అన్నదంటున్నరు. నాకైతే నమ్మబుద్ధి కాదు. కని మాట్లాడితే మిగిలినోళ్ళు ఏమనుకుంటరోనని..."

కమల సంతోష్‌ను లోపలికి పిలిచింది.

"ఇప్పుడు కళ్ళంలో మిర్చి లేదు. వీడియోల ఎర్రగా పరిచి ఉన్నది. ఇది పంట చేతికొచ్చినప్పుడు తీసింది గదా?"

సంతోష్ తల వంచుకున్నాడు. "నేనే తీసిన మేడం. బజార్ల దొరికే కల్తీ కారం గురించి అవ్వ చెప్పింది. ముందు మాటలు కోసేసి, మన కారాన్నే అన్నట్టు చేసిండ్రు. ఇంకొకళ్ళను తిడితే బాగుండదని మా పేజీలు చూసే శ్రేయ మేడం అప్పుడు దాన్ని పెట్టనియ్యలే."

"మరి అది ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గర, శ్రేయ మేడం దగ్గర, సార్ దగ్గర."

అంటే వీడియో బయటివాళ్ళకు దొరికే అవకాశం లేదు. శ్రేయ హైదరాబాద్ నుంచి వచ్చి మిల్లు పేజీలు నడుపుతోంది. కళ్ళ కింద నల్లటి చారలు. అడిగినవాటికి దాచకుండా జవాబు చెప్పింది.

"చలికాలం నుంచి చూసేవాళ్ళు తగ్గిపోతున్నారు మేడం. చిలుకమ్మగారు రోజూ అవే ముచ్చట్లు చెబితే జనం ఎంతకాలం చూస్తారు? వారం వారం అమర్‌గారు నన్ను తిట్టేవారు. ఏడుపో, కొట్లాటో ఉంటేనే ఆగి చూస్తారని ఒకసారి విసుగొచ్చి అన్నాను."

"ఎవరి ముందు?"

"అందరి ముందూ."

బయటికి రాగానే హరిలాల్ ఆత్రంగా అన్నాడు, "ఈమెనే అక్కా! తిట్లు పడలేక కసి తీర్చుకున్నది."

"కావచ్చు. ముందు ప్రతాప్‌ను చూద్దాం పా."

భూపాలపల్లిలో ప్రతాప్ దుకాణం అద్దం పగిలి ఉంది. కారం బస్తాల మధ్య గాజు ముక్కలు ఏరుకుంటున్న ఆయన, వచ్చిందెవరో తెలియగానే చీపురు కింద పడేశాడు.

"వాళ్ళ పేజీల నా పేరు చెప్పకుండనే నా మీదికి ఉసిగొల్పిండ్రు. 'భూపాలపల్లి దిక్కు కారం వ్యాపారి' అంటే ఎవరు మరి? పోరగాళ్ళు బండ్ల మీద వచ్చి రాళ్ళేసిండ్రు. ఒక రాయి మా ఇంటామె సౌందర్య తలకు తాకింది. కుట్లు పడ్డయి. దవాఖానల ఉన్నది." ఆయన పగిలిన అద్దం వైపు చూపించాడు. "నేను ఏ వీడియో చెయ్యలే మేడం. నాకు ఫోన్ల ఫోటో తీసుడే సరిగ్గ రాదు."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది కమల. తర్వాత హరిలాల్ ఫోన్ తీసుకుని అమర్ ఏడ్చిన వీడియో మళ్ళీ పెట్టింది. మాట వినకుండా, బొమ్మ మాత్రం చూసింది. ఆపి, కళ్ళు మూసుకుంది.

"ఏమైందక్కా?"

"రేపు అందర్నీ మిల్లుకు రమ్మను. ప్రతాప్‌ను గూడ."

మర్నాడు మిల్లు షెడ్డులో ఆడవాళ్ళంతా ఒక దిక్కు కూర్చున్నారు. చిలుకమ్మ ఒక్కతే గోడవారగా ఉంది. ప్రతాప్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కమల వచ్చేసరికే సంతోష్ కెమెరా సిద్ధంగా ఉంది.

"లైవ్ పెట్టినం మేడం. జనం ఎదురుచూస్తున్నరు," అన్నాడు అమర్.

కమల ఒక క్షణం అతని ముఖంలోకి చూసింది. "సరే, ఉండనీ."

ఆమె నింపాదిగా మొదలుపెట్టింది. "చిలుకమ్మ ఈ మిల్లు కారాన్ని ఒక్క మాట అనలేదు. కల్తీ కారం గురించి ఆమె చెప్పిన మాటలకు తల నరికి, మొండెం మీకు చూపించారు. ఆ వీడియో ముగ్గురి దగ్గరే ఉంది. సంతోష్, శ్రేయ, అమర్."

అమర్ చప్పున శ్రేయ వైపు తిరిగాడు. శ్రేయ ముఖం పాలిపోయింది.

"అమర్ గారూ, మీరు జవాబు వీడియో ఎప్పుడు తీసుకున్నరు?"

"సోమవారం పొద్దున. చూసిన వెంటనే."

"ఇక్కడే, గేటు ముందర?"

"అవును."

కమల హరిలాల్‌కు సైగ చేసింది. అతను అమర్ జవాబు వీడియో పెట్టి, ఫోన్ పట్టుకుని ఆడవాళ్ళ మధ్య తిరిగాడు. కళ్యాణి ఫోన్లోకి చూసి, గేటు వైపు చూసి, మళ్ళీ ఫోన్లోకి చూసింది.

"అగో! మునగచెట్టు నిలబడే ఉన్నది గదా!"

"ఆదివారం సాయంత్రమే ఆ చెట్టు పడిపోయింది," అంది కమల. "చెట్టు నిలబడి ఉన్నప్పుడే ఈయన ఏడ్చాడు. అంటే ఎవరూ చూడని వీడియోకు ముందే జవాబు తీసి పెట్టుకున్నాడు. అలాంటిది వస్తుందని ఈయనకు ఎలా తెలుసు? తనే తయారుచేశాడు కాబట్టి. దొంగపేజీలో తనే పెట్టాడు. తనే ఏడ్చాడు. ప్రతాప్ మీదికి వేలు చూపించాడు. నేను ప్రతాప్ చుట్టూ తిరుగుతుంటే రోజుకొక వీడియో పెట్టుకోవచ్చని నా దగ్గరికి వచ్చాడు."

అమర్ కుర్చీలో కూలబడ్డాడు. "వారం ఆగి, చిలుకమ్మ తప్పు లేదని నేనే చెప్దామనుకున్న. జనం మళ్ళ మన దిక్కు వస్తరనుకున్న. ఆర్డర్లు పడిపోతే ఈ ఆడోళ్ళందరు ఏం కావాలె? రాళ్ళేస్తరని నేననుకోలే."

"వేసినంక గూడ చెప్పలే గదా," అన్నాడు ప్రతాప్ మెల్లగా.

శ్రేయ చేతుల్లో ముఖం దాచుకుంది. చిలుకమ్మ లేచి అమర్ ముందుకొచ్చింది.

"నాయినా, జర ఏడువు అవ్వా అంటే కెమెరా ముందర నేనే ఏడుద్దును గదా? నన్నెందుకు దొంగను చేస్తివి?"

అమర్ తల ఎత్తలేదు. ఆమె కెమెరా దగ్గరికి నడిచింది. "ఇది అందరికి కనవడుతున్నదా సంతోషా?" అతను తల ఊపాడు. "ఇనుండ్రి. ప్రతాప్ ఏ పాపం చెయ్యలే. రాళ్ళేసినోళ్ళు పోయి ఆయన కాళ్ళు మొక్కుండ్రి. ఇగ డబ్బా మీద నా బొమ్మ ఉండది. నా ముచ్చట్లు ఉండయి. బంద్ చెయ్యి బిడ్డా."

సంతోష్ కెమెరా ఆపాడు. శ్రేయ ఫోన్ వైపు చూసి, ఎవరితోనూ కాకుండా అంది, "మన లైవ్ ఇంతమంది ఎప్పుడూ చూడలేదు."

అమర్ చటుక్కున తలెత్తి ఆ ఫోన్ వైపు చూశాడు. అది కమల కంటబడింది. హరిలాల్ పోలీసులకు ఫోన్ చేశాడు.

ఆ మధ్యాహ్నం చిలుకమ్మ పట్టుబట్టి వాళ్ళతోపాటు భూపాలపల్లి దవాఖానకు వచ్చింది. కళ్యాణి కూడా ఆమె చెయ్యి పట్టుకుని కిరాయి జీపు ఎక్కింది. తలకు కట్టుతో మంచం మీద ఉన్న సౌందర్య ముసలామెను చూసి లేవబోయింది.

"పండుకో బిడ్డా. నా మూలాన నీకు గింత దెబ్బ తాకె."

"నీ మూలాన గాదు అవ్వా." సౌందర్య గుమ్మం వైపు చూసింది, భర్త వినడం లేదని తెలిసి గొంతు తగ్గించింది. "మా ఆయనకు తెల్వకుండ రోజు నీ ముచ్చట్లు చూసేదాన్ని. మా అమ్మ పోయినకాడి నుంచి నువ్వు మాట్లాడుతుంటే ఇంట్ల మనిషి ఉన్నట్టుండేది."

చిలుకమ్మ మంచం అంచున కూర్చుని ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "అన్నం తిన్నవా?" అని అడిగింది.

వరండాలో బల్ల మీద కమల గోడకు తల ఆనించి నిద్రపోయింది. మిల్లు పేజీవాళ్ళ నుంచి ఆమెకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. హరిలాల్ ఆమె ఫోన్ తీసి, చప్పుడు కాకుండా ఆపేసి, పక్కన కూర్చున్నాడు.